రెండు జతల చెవులు

మా ఇంటికీ సముద్రానికీ మధ్య మైలు దూరం కూడా ఉండదు. సరుగుడు తోపు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. నేను పుట్టిందీ ఇక్కడే, మెట్టిందీ ఇక్కడే. మేనత్త కొడుకుకే ఇచ్చారు కాబట్టి గోడకు ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చానంతే. అలాంటి దాన్ని, యాభై నాలుగేళ్ల వయసులో ఒకరోజు పొద్దున అలలకు ఎదురుగా నిలబడితే సముద్రం వినపడలేదు. చెవుడు వల్ల కాదు. చెవుడు పోవడానికి పెట్టుకున్న మిషను వల్ల.

ముందు మా పని సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

అల్లూరు దాటి సముద్రం వైపు వస్తే మా రొయ్యల గుంటలు మూడు ఉన్నాయి. రొయ్య బతకాలంటే నీళ్లలో గాలి ఉండాలి. అందుకని గుంటలో రెక్కల యంత్రాలు రాత్రీ పగలూ తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. ఏరేటర్లంటారు వాటిని. వాటి స్టార్టర్లన్నీ కట్ట మీది షెడ్డులో ఉంటాయి. ఇరవై రెండేళ్లుగా మా ఆయనది నీళ్లలో పని, నాది షెడ్డులో పని.

ఏరేటరుకు ఏ తెగులొచ్చినా ఆయన కట్ట మీద నిలబడి “ఆపు” అని అరుస్తాడు. నేను ఎర్ర బటను నొక్కి, మోటారు ఆగిందని తేల్చుకుని, “ఆపినా” అని అరుస్తాను. ఆయన “ఆపినావు” అని ఆ మాటే తిరిగి అంటాడు. ఈ మూడు మాటలూ పూర్తయితే తప్ప నీళ్లలో కాలు పెట్టడు. కరెంటున్న గుంటలో దిగి మళ్లీ పైకి రాని మనుషులు మా చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లలో ఒకాయన మా పెళ్లిలో వడ్డన చేశాడు. అందుకని ఆ మూడు మాటలూ మాకు మంత్రం కంటే ఎక్కువ.

షెడ్డులో నుంచి చూస్తే గుంట కనపడదు, మేత మూటల గది గోడ అడ్డం. మోటారు ఆగిందో లేదో తెలుసుకోవడానికి ప్రతి స్టార్టరు మీదా ఒక చిన్న బల్బు ఉండేది. అవి ఒక్కొక్కటే మాడిపోయాయి. కొత్తవి వేయించమని నేను అడిగితే మా ఆయన నవ్వేవాడు.

“బల్బెందుకమ్మే? నీ చెవులుండాయి గదా!”

నిజమే, అప్పట్లో నా చెవులు అలాంటివి. తిరిగే మోటారు మోత వేరు, రెక్కలు చిక్కుకుని తిరగలేక మూలిగే మోటారు మోత వేరు. ఎనిమిది మోటార్లు కలిసి గోల చేస్తున్నా, మూలిగేది ఏదో నాకు తెలిసిపోయేది. ఆ గర్వం నాకు బాగా ఉండేది, ఇప్పుడు దాచి ఏం లాభం?

ఆ చెవులను ఆ షెడ్డే తినేసింది. జనరేటరు పక్కన స్టూలు వేసుకుని ఇరవై ఏళ్లు కూర్చున్నాను మరి. ముందు పోయింది సెల్లు మోత. తరవాత కుక్కరు విజిలు. ఆ తరవాత మనుషులు. పోయిన వాటి స్థానంలో ఒకటి వచ్చి కూర్చుంది. నా తలలో ఏరేటరు తిరగడం మొదలుపెట్టింది. అన్నం తింటున్నా, గుడిలో కూర్చున్నా, అల్లూరు బస్సులో పోతున్నా ఒకటే మోత. గుంటలు ఎండగట్టి నెలరోజులు మోటార్లన్నీ ఆపేసిన రోజుల్లో కూడా అది ఆగలేదు. బయట తిరుగుతున్నదేదో, లోపల తిరుగుతున్నదేదో తెలియని స్థితికి వచ్చాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డులో నుంచి లేపేస్తారని భయం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. బటను నొక్కాక స్టార్టరు పెట్టె మీద అరచేయి ఆనించేదాన్ని. మోటారుకు కరెంటు పారుతుంటే పెట్టె సన్నగా అదురుతుంది. అదురు ఆగితేనే “ఆపినా” అని అరిచేదాన్ని. రెండేళ్లు మా ఆయన ప్రాణం నా చెవుల మీద కాదు, నా అరచేతి మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఇంట్లో ఆయన ఏదన్నా చెబితే నవ్వి తల ఊపేదాన్ని. ‘వినపడలేదు, మళ్లీ చెప్పు’ అనే మాట ఆ రెండేళ్లలో నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. రానురాను ఆయన నాతో మాట్లాడటం తగ్గించేశాడు.

పట్టుకున్నది మా తమ్ముడు. కృష్ణపట్నంలో కరెంటు తయారుచేసే కంపెనీలో పని వాడికి. అక్కడ మోతలో పనిచేసే వాళ్లకు చెవులకు డిప్పలు ఇస్తారు, ఏడాదికోసారి చెవులు పరీక్ష చేస్తారు. వాడు ఒకరోజు నా వెనక నిలబడి మూడుసార్లు పిలిచాడట.

“అక్కా, నీకు చెవుడొచ్చుండాది. ఎన్నాళ్లు దాస్తావు?”

“నీకొచ్చుండాది రా. గమ్మునుండు” అన్నాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ గదా! వారం రోజులు వాడితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు వాడు నన్ను మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని నెల్లూరు తీసుకుపోయాడు.

చెవులు పరీక్ష చేసే గది ఎంత చిన్నదంటే, అందులో కుర్చీ వేస్తే ఇంకొకరు నిలబడటానికి చోటు లేదు. గోడలకు పరుపుల్లాంటివి అంటించారు. అద్దం అవతల ఒక అమ్మాయి కూర్చుంది. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక బటను ఇచ్చింది. తలుపు మూయగానే బయట లోకం మొత్తం పోయింది. నా తలలో ఏరేటరు మాత్రం మిగిలింది. అంత గట్టిగా అది అంతకుముందు ఎప్పుడూ వినపడలేదు. దాని వెనక ఏవో సన్నటి కూతలు వచ్చిపోతున్నట్టు అనిపించి, నొక్కుతూనే ఉన్నాను. అమ్మాయి తలుపు తీసుకుని వచ్చింది.

“అమ్మా, నేనింకా ఏమీ వినిపించలేదు. దేనికి నొక్కుతున్నారు?”

బటను మీది నుంచి వేలు తీసేశాను. ఆ బటను కూడా ఎర్రదే.

పరీక్షలు అయ్యాక అమ్మాయి మిషన్లు చూపించింది. రెండు రకాలు. ఒకటి ఖరీదైనది, ఒకటి మామూలుది. వాటి ధరల మధ్య తేడా వింటే మా తమ్ముడే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఏది కొనాలన్నది మన జీవన విధానాన్ని బట్టి ఉంటుందట. ఒక కాగితం తీసి టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది.

“మీటింగులకు వెళ్తారామ్మా? హోటళ్లకు? పాటలు వింటారా? టీవీ ఎంతసేపు చూస్తారు?”

“రొయ్యల గుంటల దగ్గర ఉంటానమ్మా” అన్నాను.

కాగితంలో గుంటకు గడి లేదు. కాసేపు ఆలోచించి, ‘ఆరుబయట’ అన్న దగ్గర టిక్కు పెట్టింది.

“అయితే మీకు ఖరీదైనదే మంచిది. మామూలుది ప్రతి చప్పుడునూ పెంచుతుంది. ఇది అట్లా కాదు. ఫ్యాను, ఇంజను, గాలి, ఆగకుండా వచ్చే మోత ఏదైనా సరే, కాసేపటికి దానంతట అదే తగ్గించేస్తుంది. మనిషి మాటను మాత్రం ముందుకు తెస్తుంది.”

“అదే తీసుకుందాం అక్కా. తక్కువది కొంటే తక్కువగానే వినపడతాది” అన్నాడు తమ్ముడు, నాకంటే ముందుగా.

కొనేముందు ఒక్కో జత పదేసి రోజులు పెట్టుకుని చూడమంది అమ్మాయి. ఖరీదైనదాన్ని ముందు పెట్టింది. చెవిలోకి మెత్తటి బిళ్ల, చెవి వెనక చిక్కుడు గింజంత మిషను. మా అత్త పెట్టిన మాటీలు కమ్మల నుంచి జడలోకి చెవి వెనక నుంచే పోతాయి. గొలుసు మిషనుకు తగిలినప్పుడల్లా కీచుమంది. వాటిని తీసి కొంగున ముడేసుకున్నాను. పెళ్లయిన తరవాత మాటీలు లేకుండా వీధిలో నడవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున సముద్రం చూడటానికి పోయాను. చూడటానికి కాదు, వినడానికి. ఎన్నేళ్లయిందో దాన్ని సరిగ్గా విని! ఇసుక ఎక్కి నిలబడగానే ఒక్కసారి హోరు మీద పడింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. పది లెక్కపెట్టేలోపల ఆ హోరు సన్నబడింది. ఇంకొంచెం సన్నబడింది. తరవాత లేదు. ఎదురుగా అల లేస్తోంది, విరుగుతోంది, తెల్లగా పరుచుకుంటోంది, చప్పుడు లేదు. ఎవరో సముద్రం గొంతు నొక్కి పట్టుకున్నట్టుంది. నా తలలో ఏరేటరు కూడా ఆగిపోయింది. రెండేళ్ల తరవాత మొదటిసారి లోపలా బయటా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో నా చెవి దగ్గరే ఎవరో దగ్గారు.

ఉలిక్కిపడి తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. చాలా దూరంలో, వలలు ఆరేసే చోట, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మళ్లీ దగ్గాడు. దగ్గు నా భుజం మీద నుంచి వచ్చింది. అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చేశాను.

అయినా ఆ మిషను మీద మోజు పెరిగింది, అబద్ధమెందుకు? బస్సులో పక్కసీటు వాళ్ల కాపురం గొడవ మొత్తం వినపడింది. మా వీధి వదిన నన్ను చెవిటిమాలోకం అంటోందని కూడా తెలిసింది. ఇన్నాళ్లూ నా ఎదురుగానే అంటోందట, పాపం నేను నవ్వి తల ఊపేదాన్నట! షెడ్డులో అడుగుపెడితే ముందు మోత మీద పడేది, కాసేపటికి పోయేది. హాయిగా ఉండేది. గుడిలో కూర్చున్నట్టు ఉండేది.

మూడో రోజు సాయంత్రం వంటింట్లో చేపలు తోముతున్నాను. వెనక వాకిట్లో సిమెంటు బల్ల మీద మా ఆయన కూర్చుని మేత చూసుకునే జల్లెడ వల కుడుతున్నాడు. ఆయన గొంతు వినపడింది.

“ఈ పూట మేత తగ్గించినా.”

కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక ఆడమనిషి గొంతు.

“ఎందుకు మావా? మబ్బు పట్టిందనా?”

“ఆఁ, మబ్బే. గాలి కూడా తూర్పుకు తిరిగినట్టుండాది.”

“మంచి పని చేసినావులే.”

చేతిలో చేప జారింది. ఆయనను మావా అని పిలిచే ఆడది ఈ ఊళ్లో నేను తప్ప ఇంకెవరు? కత్తిపీట పక్కకు నెట్టి, చప్పుడు కాకుండా తలుపు దాకా పోయి తొంగిచూశాను. బల్ల మీద మా ఆయన ఒక్కడే ఉన్నాడు. నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. సూది వలలోకి పోతోంది, వస్తోంది.

“రేపు మూడో గుంటకు సున్నం కొట్టించాల” అన్నాడు. ఆగాడు. సూది కూడా ఆగింది. ఒక మనిషి బదులు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. తరవాత తల కొంచెం పక్కకు వాల్చి, గొంతు సన్నం చేసి, ఆయనే అన్నాడు.

“మొన్ననే చెప్పినా గదా, ఇప్పుడు గుర్తొచ్చిందా?”

అన్నది నా మాటే. నా విసురే. పదేళ్ల కిందటి నా గొంతు. తరవాత ఆయన నవ్వుకున్నాడు.

నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయాను. భయమేసింది, ముందు నిజంగా భయమే. మా ఆయనకు మతి తప్పిందేమో అనుకున్నాను. తరవాత మెల్లగా అర్థమైంది. ఆయన నాతో మాట్లాడటం మానలేదు. రెండేళ్లుగా రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. బదులు రాకపోయేసరికి, నా బదులు కూడా ఆయనే చెప్పుకుంటున్నాడు. నా ఇంట్లో, నా వెనకవాకిట్లో, చెవులు బాగా వినపడే ఇంకొక ‘నేను’ కాపురం చేస్తోంది. ఆమెకు నాకంటే ఓపిక ఎక్కువ. ఆయన జోకులకు నవ్వుతుంది. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆమె మీద నాకు అసూయ కలిగింది.

పోయి పక్కన కూర్చోవాల్సింది. ‘నాకు వినపడుతోంది మావా’ అనాల్సింది. అనలేదు. అంటే ఆ మాటలు ఆగిపోతాయని భయం. రోజూ సాయంత్రం వంటింట్లో నిలబడి దొంగతనంగా వినడం అలవాటు చేసుకున్నాను. మిషను కొనాలని ఆ రోజే తీర్మానించుకున్నాను. మెడలో గొలుసు అమ్మైనా సరే ఖరీదైనదే కొనాలి.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటి నాలుగు రోజులూ షెడ్డులో బటను నొక్కాక చెవితో విని, అరచేయి కూడా ఆనించి చూసుకున్నాను. చెవిలో నిశ్శబ్దం, చేతి కింద నిశ్శబ్దం. రెండూ కలిశాయి. చెవులు వచ్చాయి కదా, ఇంకా గుడ్డిదానిలా తడుముకోవడం ఏమిటని ఐదో రోజు నుంచి చేయి పెట్టడం మానేశాను. మోటార్లు తిరుగుతున్నప్పుడు కూడా షెడ్డులో అదే నిశ్శబ్దం ఉంటోందని నా మట్టిబుర్రకు తట్టలేదు. ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఎనిమిదో రోజు పొద్దున ఆకాశం మూసుకుని ఉంది. గాలి లేదు. పిట్టలు రొయ్యలను ఎత్తుకుపోకుండా గుంట మీద అడ్డంగా కట్టిన నైలాన్ దారం ఒకటి తెగి, రెండో గుంటలో ఏరేటరు రెక్కలకు చుట్టుకుంది. రెక్కలు ఆగిపోయాయి. మిగతావి తిరుగుతూనే ఉన్నాయట. నాకు ఏదీ వినపడటం లేదు. షెడ్డులో నా ఊపిరి, బయట కట్ట మీద నడుస్తున్న మా ఆయన చెప్పుల చప్పుడు, అంతే. అంత దూరపు చెప్పులు నా పక్కనే నడుస్తున్నాయి.

“ఆపు!” అన్నాడు. చెవిలో నోరు పెట్టి అన్నట్టుంది.

ఆ ఏరేటరు ఎర్ర బటను నొక్కాను. విన్నాను. ఎక్కడా మూలుగు లేదు. శుభ్రమైన నిశ్శబ్దం.

“ఆపినా!” అని అరిచాను.

“ఆపినావు” అన్నాడు.

తరవాత నీళ్లలో కాలు పడిన చప్పుడు. వెంటనే ఒక అరుపు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ గొంతు నుంచి అలాంటి అరుపు నేను వినలేదు. అది కూడా నా చెవి పక్కనే.

చేయి దానంతట అదే పెట్టె మీదికి పోయింది. పెట్టె అదురుతోంది. బటను నొక్కి ఉంది, పెట్టె అదురుతూనే ఉంది. మెయిను హ్యాండిలు రెండు చేతులతో లాగి పడేసి, కట్ట మీదికి పరుగెత్తాను.

ఆయన కట్ట మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక కాలికి చెప్పు లేదు, అది నీళ్లలో తేలుతోంది. ఒక కాలే పెట్టాడు, రెండోది ఇంకా గట్టునే ఉంది. కాలు జివ్వుమని లాగేసరికి వెనక్కి పడ్డాడు. ముందుకు పడి ఉంటే ఈ రాత నేను రాసేదాన్ని కాదు. తరవాత వచ్చిన మెకానిక్కు విప్పి చూపించాడు. తిరగలేని మోటారు వేడికి స్టార్టరు లోపలి ముక్కలు అతుక్కుపోయాయి, బటను నొక్కినా విడలేదు. మోటారు తీగ ఎక్కడో నలిగి కరెంటు నీళ్లలోకి పాకింది. మోటారు మూలుగుతూనే ఉండి ఉంటుంది. ఆగని మోత కదా, మిషను దాన్ని నాకు వినపడకుండా తీసేసింది.

నీళ్లు తేవడానికి షెడ్డులోకి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. వీపు నా వైపు ఉంది. మెయిను పోయింది కాబట్టి రెక్కలన్నీ ఆగి, గుంట నీళ్లు అద్దంలా నిలిచాయి. నాకు పది అడుగుల దూరంలో ఆయన మెల్లగా అన్నాడు.

“ఆపినా అంటివి గదే.”

ఆగాడు. నేను నోరు తెరిచాను. ఆ లోపల ఆమె బదులు చెప్పింది.

“ఆగిందనే అనుకున్నా మావా. కొత్త చెవులు గదా.”

“సరేలే. ఏడవబాక.”

నేను ఏడవడం ఆయన చూడలేదు. నా తప్పు నేను ఒప్పుకునే లోపలే, ఆయన నా తరఫున ఒప్పుకుని, నన్ను క్షమించి, ఊరడించడం కూడా అయిపోయింది. నాకు మిగిలిందేమీ లేదు. ఆ క్షణంలో నాకు కరెంటు కంటే ఆ ఆడమనిషి అంటే ఎక్కువ భయం వేసింది. నేను ఇంకొన్నాళ్లు ఇలాగే నోరు మూసుకుని ఉంటే, ఇంట్లో ఆమే ఉంటుంది, నేను ఉండను.

పదకొండో రోజు నెల్లూరు పోయి ఖరీదైన జత బల్ల మీద పెట్టాను. జరిగింది చెబితే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేముంది? మిషనుకు జతచేసిన ఫోన్లో ఒక మీట ఉంటుందని, గుంట దగ్గరికి పోయేముందు అది మారిస్తే ఏ చప్పుడూ తగ్గించదని చెప్పింది.

“మార్చడం మరిచిపోతే?” అన్నాను.

“మరిచిపోకూడదమ్మా.”

“నేను నా చేతినే మరిచిపోయినా తల్లీ.”

తమ్ముడు ఊరుకోలేదు. “బల్బులు ఏపించినాం గదక్కా! స్టార్టర్లు కొత్తవి ఏపించినాం. ఇంక నీ చెవులతో పనేముండాది? మంచిది కొనుక్కుని సుఖంగా విను.”

“ఆ బల్బులు ముందు కూడా ఉండేవి రా. మాడిపోతే ఏసినామా?”

చెప్పదలచుకున్నది వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను గానీ, ఇప్పుడు రాస్తున్నాను. ఆ మిషను మంచిదే. హోటళ్లకు, మీటింగులకు పోయేవాళ్లకు దానిని మించింది లేదు. అయితే ఏది వినాలో ఏది వినకూడదో అది నిర్ణయిస్తుంది. దానికి మోత అయినది నాకు మనిషి ప్రాణం.

మామూలు జత తెచ్చుకున్నాను. అమ్మో, దాని గోల! గిన్నె పెడితే పిడుగు. కాకి అరిస్తే తల పగులుతుంది. నా చీర కుచ్చిళ్లు నాకే కసకసమంటాయి. సముద్రం ఇంట్లోకి వచ్చి కూర్చుంది, పొద్దస్తమానం హోరే. షెడ్డులో ఎనిమిది మోటార్లూ చెవిలో జోరీగల్లా ముసురుకుంటాయి. సాయంత్రానికి తలనొప్పి. కానీ మూలిగే మోటారు మూలుగుతుంది. ఆగితే ఆగిందని తెలుస్తుంది. ఇప్పుడు బల్బు చూస్తాను, వింటాను, ఆ పైన అరచేయి కూడా ఆనిస్తాను. అరచేతి సంగతి మా ఆయనకు చెప్పేశాను. ఆయన నా చేయి పట్టుకుని తిరగేసి, మచ్చ ఏదైనా ఉందేమోనన్నట్టు చాలాసేపు చూశాడు.

పోయింది ఒక్కటే. ఆయన మెల్లగా మాట్లాడే మాట పోయింది. సముద్రం హోరు కింద ఎక్కడో పడిపోయింది.

మామూలు జత వచ్చిన మూడో సాయంత్రం వంటింటి తలుపులో నుంచి చూశాను. బల్ల మీద ఆయన, ఒళ్లో వల. దవడ కదులుతోంది. ఒక్క ముక్క వినపడటం లేదు. దవడ ఆగింది, సూది ఆగింది. బదులు కోసం వదిలే ఖాళీ అది. ఇంకొక్క క్షణమైతే ఆయన తల పక్కకు వాలుతుంది. ఆమె వస్తుంది.

గబగబా పోయి బల్ల మీద పక్కన కూర్చున్నాను.

“ఊఁ” అన్నాను.

ఆయన వల వదిలేశాడు. నా ముఖంలోకి చూసి, కొంచెం గొంతు పెంచి అడిగాడు.

“వినపడిందా?”

రెండేళ్ల అలవాటు, తల ఊపబోయాను. మెడ దాకా వచ్చింది. ఆపుకున్నాను.

“వినపడలా మావా. మళ్లా చెప్పు.”

ఆయన పూర్తిగా నా వైపు తిరిగి కూర్చున్నాడు. తరవాత సముద్రం హోరును మించి, వీధంతా వినపడేలా అరిచాడు.

“ఈ పూట మేత తగ్గించినా అంటుండా!”

ఆమె అయితే మంచి పని చేసినావులే అనేది.

“ఎవర్నడిగి తగ్గించినావు?” అన్నాను.